తాగుడు మాన్పించే చోట రోగిని ఎలా అడగాలి?

ఝరాసంగం, జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి డీఅడిక్షన్ కేంద్రాలకు వెళ్లొచ్చిన వాళ్లతో, వాళ్ల ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడుతూ వచ్చినదాన్ని. అక్కడ మిమ్మల్ని ఎలా చూసుకున్నారని అడగడమే నా పని. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇవి రాస్తున్నాను.

1. మందులిచ్చిన మనిషే అడగకూడదు. డిశ్చార్జి కాగితం చేతిలో పెడుతూ అడిగితే "మంచిగనే చూసిండ్రు సారూ" అన్న జవాబే వస్తుంది. మళ్లీ అదే గడప తొక్కాల్సి వస్తే ఎట్లా అన్న భయం రోగికి ఉంటుంది. 1979లో అమెరికాలో తయారైన సీఎస్‌క్యూ-8 రోగి తృప్తిని కొలిచే ఎనిమిది ప్రశ్నల పత్రం. మార్కులు 8 నుంచి 32 వరకు. దాంతో కొలిచినా చాలాచోట్ల మార్కులు పైఅంచునే పోగవుతాయి. అందుకే ఎక్కువ మార్కులు చూసి మురిసిపోవద్దు.

2. ఏ రోజు అడిగారన్నది రాసి పెట్టుకోండి. మన వైపు కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపే పాపం ఎప్పట్నుంచో ఉంది. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగేసరికి, తెలంగాణలో ఎందరో ఫిట్స్‌తో, వణుకుతో, పిచ్చి మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా వెళ్లారు. అలాంటి మనిషిని కేంద్రంలో చేరిన మూడో రోజున అడిగితే తిట్టిపోస్తాడు. ఆ తిట్టు నర్సమ్మకు తగలాల్సింది కాదు, ఒంట్లోంచి మత్తు దిగుతున్న బాధ అది. నిద్ర కుదుటపడ్డాక ఒకసారి, ఇంటికి చేరి కొన్ని వారాలయ్యాక ఇంకోసారి అడగండి.

3. ఎవరో రాసిన ప్రశ్నలను ఉన్నవున్నట్టు చదివేయకండి. లండన్ పరిశోధకులు 2000లో ప్రచురించిన టీపీక్యూ అనే ప్రశ్నపత్రం మత్తు మాన్పించే చికిత్సల కోసమే పుట్టింది. పది ప్రశ్నలు, 40 మార్కులు. సిబ్బంది గురించీ, కార్యక్రమం గురించీ విడివిడిగా అడుగుతుంది కాబట్టి నాకది ఇష్టం. అయితే అందులో కొన్ని వాక్యాలు తిరగేసి ఉంటాయి. చదువురాని మనిషికి "సిబ్బంది నా కష్టం అర్థం చేసుకోలేదు, ఒప్పుకుంటావా?" అని చదివి వినిపిస్తే, "అవునమ్మా, బాగనే అర్థం చేసుకున్నరు" అంటాడు. మీరు "ఒప్పుకున్నాడు" అని టిక్కు పెడితే మంచి నర్సుకు చెడ్డ పేరు పడుతుంది. సరిహద్దు ఊళ్లు మనవి. కన్నడంలోనో ఉర్దూలోనో మనసు విప్పేవాళ్లను వాళ్ల భాషలోనే అడగాలి.

4. మధ్యలో వెళ్లిపోయినవాళ్ల ఇంటికి వెళ్లండి. అన్నిటికంటే ఎక్కువ నేర్చుకునేది అక్కడే. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందింది. అంత అరుదుగా గడప దాకా వచ్చిన మనిషి ఎందుకు తిరిగిపోయాడో ఏ వార్డు రిజిస్టరూ చెప్పదు. ఒక ఇల్లాలు నాతో అన్నది: "బువ్వ పెట్టిండ్రు, గోలీలిచ్చిండ్రు. ఇంటికెప్పుడు పంపుతరో ఒక్కలు చెప్పలే. గందుకే గోడ దునికొచ్చిండు." పైన చెప్పిన రెండు పత్రాల్లోనూ దీన్ని సూటిగా అడిగే గడి లేదు. ఆ తర్వాత నేను అడిగే మొదటి ప్రశ్న అదే అయింది: ఎన్నాళ్లుండాలో నీకు ముందే చెప్పారా?

5. కల్లు తాగే ఆడవాళ్లున్నారు. వాళ్లను ఆడమనిషే, మగవాళ్లు వినని చోట అడగాలి.

6. కొన్ని జవాబులను సగటులో కలపకూడదు. కొట్టారా, కట్టేశారా, ఇంటికి ఫోన్ చేసుకోనిచ్చారా అన్నవి మొహమాటం లేకుండా అడగండి. తొంభై మంది బాగుందన్నా, కొట్టారని ఒక్కరు చెబితే ఆ మాటను విడిగా చూడాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. సేవలో లోపముంటే ఫిర్యాదు చేసే హక్కు రోగికి ఇచ్చింది. ఈ సంగతి ముందుగా అతనికి చెప్పి, తర్వాత అడగండి.

7. మాటను మాటగానే దాచండి. మన ఝరాసంగం మండలంలోని మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో నడిపిన ఆడవాళ్లు తమ గొంతుతోనే తమ ఊళ్ల సంగతులు చెప్పారు. అలాగే రోగి మాట కూడా అతని గొంతులోనే వినిపించాలి: అతను ఒప్పుకుంటే రికార్డు చేయండి, పేరు తీసేయండి, డాక్టర్లను కూర్చోబెట్టి వినిపించండి. ఏం మారుస్తారో, ఎవరు మారుస్తారో, ఎప్పటిలోగానో తారీఖు వేసి వార్డు గోడ మీద రాయించండి. చదువురాని వాళ్లకు చదివి వినిపించే బాధ్యత మీదే.