నీటితోటలో మొండిపాచి

కోనేటి మెట్లపై కాలు జారిన ప్రతివారికీ పాచి తెలుసు. కావ్యాలలో అది శైవలం, పల్లెలలో నాచు, వృక్షశాస్త్ర గ్రంథాలలో ఆల్గే. చెరువులో ఉన్నంతకాలం దానిని ఎవరూ శత్రువుగా చూడరు. చేపపిల్లలకు అది మేత. నీటికి ప్రాణవాయువునిచ్చేదీ అదే. ముచ్చటపడి పెంచుకొన్న గాజుతొట్టిలో, లేత ఆకుల అంచున నల్లని గడ్డంవలె మొలిచినప్పుడు మాత్రం ఇంటివారికి నిద్ర పట్టదు.

ఈ చిక్కు కొత్తది కాదు. లండన్ నగరంలో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో పన్నెండు గ్యాలన్ల పాత్రలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచాడు. చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క గ్రహిస్తుంది. మొక్క విడిచే ప్రాణవాయువును చేపలు పీలుస్తాయి. కనుక మాటిమాటికీ నీరు మార్చనక్కరలేదని ఆయన ఊహ. ఊహ సరియైనదే. అయితే కొన్నాళ్ళకు ముదురాకులు కుళ్ళి నీరు కలతబారింది, గాజుగోడలకు పచ్చని పాచి పట్టింది. అప్పుడాయన ఆ పాత్రలోకి కొన్ని నీటినత్తలను వదిలాడు. కుళ్ళిన ఆకులను, పాచిని అవి తినివేయగా నీరు తేటపడింది. 1850లో ఆయన ఈ విశేషాన్ని లండన్ రసాయనశాస్త్ర సంఘానికి నివేదించాడు. ఆయన పాచిని ఏ మందుతోనూ చంపలేదన్న సంగతి ఇక్కడ గమనించదగినది.

ఆ వ్యాసం నేను చాలా ఆలస్యంగా చదివాను. అంతకుముందే నష్టపోయాను. వృక్షశాస్త్రం బోధించడం మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో మా ప్రయోగశాల కిటికీ పక్కన ఒక తొట్టి ఉండేది. విద్యార్థి ఒకడు తన ఊరి చెరువు నుండి పరిగపిల్లలను, చిన్న రొయ్యలను బిందెలో తెచ్చి అందులో వదిలాడు. రోజూ ఉదయం అందరికంటె ముందు వచ్చి వాటిని చూసుకొనేవాడు. వేసవి సమీపించేసరికి నీరెండ తగిలి తొట్టి నిండా దారపు పోగులవంటి పాచి అల్లుకొంది. మైలుతుత్తం పాచిని చంపుతుందని నాకు తెలుసు. ఎంత చంపుతుందో తెలియదు. ఒక సాయంకాలం చిటికెడు కరిగించి పోశాను.

మరునాటికే రొయ్యలు, నత్తలు చచ్చిపోయాయి. పాచి పాలిపోయింది. మూడవనాటి తెల్లవారుజామున పరిగపిల్లలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనిపించాయట. నేను వెళ్ళేసరికి సగం తేలిపోయి ఉన్నాయి. “మందు పాచికి కదా వేశారు మాస్టారూ, చేపలెందుకు చచ్చిపోయాయి?” అని ఆ కుర్రవాడు అడిగాడు. అప్పుడు నేను చెప్పలేకపోయిన సమాధానం ఇది. రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. చేపలు దానిని కొంతవరకు తట్టుకొన్నా, చచ్చిన పాచిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. వెలుతురు లేని రాత్రివేళ మొక్కలు ప్రాణవాయువును ఇవ్వవు సరికదా, తామూ పీలుస్తాయి. కాబట్టి తెల్లవారేముందు ఆ కొరత పరాకాష్ఠకు చేరుతుంది. ఇంతా చేస్తే, రెండు వారాలలో పాచి తిరిగి వచ్చింది.

పాచి రకాలన్నీ ఒకటి కావు. నీలిపచ్చని తెరవలె పరచుకొని దుర్వాసన వేసేది నిజానికి శైవలమే కాదు, బాక్టీరియా. దానిని తుడిచి తీసి, తొట్టికి మూడు దినాలు గుడ్డ కప్పి చీకటి చేసి, గాలి బుడగలు ఆడించి, ఆపై నీరు మారిస్తే చాలావరకు పోతుంది. నల్లని గడ్డం పాచి అంత సులభంగా లొంగదు. నల్లగా కనిపించినా అది ఎర్ర శైవలాల కుటుంబానికి చెందినది. ఒక పోగును స్పిరిటులో వేసి చూడండి. పత్రహరితం కరిగిపోయి, స్పిరిటులో కరగని ఎరుపు వర్ణకం బయటపడుతుంది. బొగ్గుపులుసు వాయువు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ అయ్యే తొట్లలో, నిదానంగా పెరిగే మొక్కల ఆకులపై ఇది స్థిరపడుతుంది. పట్టిన ఆకును కత్తిరించవలసిందే. రాళ్ళకు పట్టితే, నీటిని ఆడించే యంత్రాన్ని కాసేపు ఆపి, మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడును పది లీటర్లకు రెండు మిల్లీలీటర్లు మించకుండా సూదిలేని సిరంజితో దానిపైననే వదలాలి. సయామీ పాచిమేత చేప చిన్నతనంలో దీనిని తింటుంది. అంగళ్ళలో ఆ పేరుతో వేరొక చేపను అంటగట్టడమూ కద్దు. అది పెరిగాక పాచి మాని తోటి చేపలను వేధిస్తుంది.

పాచి ఎరువు వల్ల వస్తుందా, ఎరువు లేకపోవడం వల్ల వస్తుందా అన్న విషయంలో పెద్ద వాదమే నడిచింది. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనేవారు, మొక్కలకు మిగిలిన పోషకాలన్నీ సమృద్ధిగా ఇచ్చి ఫాస్ఫేటును మాత్రం బిగబట్టితే మొక్కలే దానిని ముందుగా లాగుకొని పాచిని మాడుస్తాయని ప్రతిపాదించారు. ఫాస్ఫేటు ధారాళంగా వేసినా ఆరోగ్యవంతమైన మొక్కలున్న తొట్టిలో పాచి పెరగడం లేదని తర్వాత టామ్ బార్ అనే అమెరికా పెంపకందారు వాదించాడు. నా అనుభవం రెండవ వాదం వైపే మొగ్గుతుంది. అయితే ఇద్దరూ అంగీకరించే మాట ఒకటుంది: మొక్క కుంటుపడిన చోటే పాచి తలెత్తుతుంది.

అందువల్ల ముందుగా చూడవలసినది వెలుతురు. దీపం పన్నెండు గంటలు వెలిగితే మొక్కలకు మేలనుకొంటారు. ఆరు నుండి ఎనిమిది గంటలు చాలు. ఎండ నేరుగా పడరాదు. వారానికొకసారి మూడవ వంతు నీరు మార్చాలి. త్వరగా పెరిగే హైడ్రిల్లా, వాలిస్నేరియా వంటి మొక్కలను మొదట ఒత్తుగా నాటాలి. ఈ రెండూ బోరునీటి కాఠిన్యానికి వెరవవు. అందులోని బైకార్బనేటును సైతం ఆహారంగా మార్చుకొంటాయి. కత్తిరించిన కొమ్మలను మాత్రం కాలువలో పారవేయకండి. 1950 దశకంలో ఆక్వేరియం వ్యాపారం ద్వారా ఫ్లోరిడా చేరిన హైడ్రిల్లా అక్కడి సరస్సులను కమ్మివేసింది.

మా తొట్టిని కిటికీకి దూరంగా జరిపి, హైడ్రిల్లా నాటి, నత్తలను వదిలాం. నీరు తేటపడడానికి రెండు నెలలు పట్టింది. ఆ కుర్రవాడు మళ్ళీ బిందె నిండా పరిగపిల్లలను తెచ్చాడు. ఈసారి తొట్టిలో వదిలేముందు నీటిలో ఏమేమి కలిపానో నన్ను నిలదీసి అడిగాడు. వెనుకవైపు రాతిపై కొంత పాచి మిగిలే ఉంది. నత్తల మేతకని దానిని గీకలేదు.