నొప్పియు దిగులును: ఒకే దేహమున రెండు బాధలు
మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధిగ్రస్తుల విషయమై పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

గ్రామములో అతిసారము తలయెత్తినచో ఏమి చేయవలెనో పంచాయతీ సభ్యులు ఎరుగుదురు. మంచినీటి తొట్టిలో క్లోరిన్ కలిపింతురు, మురుగు తీయింతురు, ఆరోగ్య కార్యకర్తకు కబురు పంపుదురు. ఊరందరికి సోకు వ్యాధి ఊరందరి కంటను పడును. కాని ఒక యింట ఒక్కరిని మాత్రమే పట్టి, పైకి కనుపింపక, ఏండ్ల తరబడి బాధించు వ్యాధులును కొన్ని కలవు. అట్టివానిలో మల్టిపుల్ స్క్లీరోసిస్ ఒకటి. ఈ వ్యాధి గలవారిలో శరీరపు నొప్పియు, మనస్సు కుంగుబాటును తరచుగా జంటగా వచ్చును. ఆ జంటను గూర్చియు, పంచాయతీ చేయగల సాయమును గూర్చియు ఈ వ్యాసమున వివరింపదలచినాము.

వ్యాధి స్వభావము

మన నరములు కరెంటు తీగల వంటివి. తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే, నరమునకు మైలిన్ అను కొవ్వు తొడుగు ఉండును. రోగముల నుండి మనలను కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి, మెదడులోను, వెన్నుపాములోను, కంటినరములోను ఆ తొడుగును పాడుచేయుటయే ఈ వ్యాధి. తొడుగు చెడిన తావున మెదడు పంపు సందేశము ఆలస్యమగును. ఒక్కొక్కప్పుడు చేరనే చేరదు. అందువలన చూపు మసకబారుట, కాళ్లు తిమ్మిరెక్కుట, నడకలో తూలుట, మూత్రము ఆపుకొనలేకపోవుట, విపరీతమైన అలసట మున్నగు లక్షణములు పుట్టును.

1868లో పారిస్ నగరమందలి సాల్పెట్రియేర్ వైద్యశాలలో పనిచేయుచుండిన షార్కో అను వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. 2020 నాటి అంచనా ప్రకారము ప్రపంచమున సుమారు 28 లక్షల మందికి ఈ వ్యాధి కలదు. ఐరోపా దేశములతో పోల్చినచో మన దేశమున దీని వ్యాప్తి తక్కువ. సాధారణముగా 20, 40 ఏండ్ల నడుమ, అనగా సంసార భారము మోయు వయస్సులో, ఇది పైబడును. పురుషులలో కంటె స్త్రీలలో రెండింతలో, అంతకంటె ఎక్కువగనో కనుపించును. ఇది అంటువ్యాధి కాదు. ఒకరి దృష్టి వలనను, చేతబడి వలనను వచ్చునది కాదు. పూర్తిగా నయముచేయు మందు లేకపోయినను, వ్యాధి మాటిమాటికి తిరుగబెట్టకుండ అదుపుచేయు మందులు 1993 నుండి ఒకటొకటిగా వాడుకలోనికి వచ్చినవి.

కాళ్లు తిమ్మిరెక్కిన ప్రతివారికి ఈ వ్యాధి ఉన్నదని తలపరాదు. మధుమేహము వలనను, బి12 విటమిన్ లోపము వలనను తిమ్మిరులు వచ్చును. నరముల వైద్యుడు పరీక్షించి, ఎమ్మారై స్కాన్ తీయించి నిర్ణయింపవలసిన విషయమిది.

నొప్పి ఎట్టిది?

ఈ వ్యాధిలో సగముకంటె ఎక్కువమంది ఏదో ఒక విధమైన నొప్పిని అనుభవింతురు. దెబ్బ ఉండదు, వాపు ఉండదు. అయినను కాళ్లు నిప్పులపై పెట్టినట్లు మండును. కొందరికి మెడ వంచినప్పుడు వెన్ను వెంట కరెంటు తగిలినట్లుండును. కొందరికి రొమ్ముచుట్టు పట్టీ బిగించినట్లుండును. ముఖముపై ఒక ప్రక్క మెరుపువలె పోటు వచ్చువారును కలరు. కండరములు బిగిసి రాత్రులందు కాళ్లు కొంకర్లు పోవుట, నడక వంకరపోయినందున నడుము నొప్పి కలుగుట వీనికి అదనము. దెబ్బ కనుపింపని నొప్పిని లోకము నమ్మదు. రోగికి సగము కష్టము ఇచ్చటనే మొదలగును.

రెంటికి గల పొత్తు

ఈ వ్యాధిగ్రస్తులలో రమారమి మూడవవంతు మందికి మనోవ్యాకులత కలుగుచున్నదని పరిశోధనలు తెలుపుచున్నవి. కష్టము వచ్చినందున కలుగు సామాన్యమైన విచారము వేరు, ఇది వేరు. వారముల తరబడి దేనియందును ఇచ్ఛ లేకపోవుట, అన్నము సయింపకపోవుట, తాను పనికిమాలినదాననని తలపోయుట, బ్రతుకు మీద విసుగు దీని గుర్తులు.

నొప్పి వలన నిద్ర చెడును. నిద్ర చెడిన అలసట పెరుగును. అలసినవారు ఇల్లు కదలరు, నలుగురితో కలియరు, మనస్సు కుంగును. కుంగిన మనస్సునకు నిన్నటి నొప్పియే నేడు రెట్టింపుగా తోచును. అప్పుడు వ్యాయామము మానుదురు, మందులు మరతురు. కండరములు మరింత బిగియును, నొప్పి హెచ్చును. ఏతాము ఒక కొన దిగిన రెండవ కొన లేచినట్లు ఇవి ఒకటి తగ్గిన ఒకటి పెరుగునవి కావు. కాడికి కట్టిన రెండెడ్లవలె కలిసి నడచును. మెదడులో నొప్పిని అణచు మార్గములకును, మనస్సును నిలకడగా నుంచు మార్గములకును కొన్ని రసాయనములు ఉమ్మడియై యుండుటయు, వ్యాధి మెదడును నేరుగా తాకుటయు ఇందుకు కారణములు. కావున ఈ దిగులు రోగి మనోదౌర్బల్యము కాదు, వ్యాధిలో భాగము.

ఒక ఉదాహరణము

ముప్పది యేండ్ల గృహిణిని ఊహించుకొందము. ఉదయము నీళ్లు మోసినది. ఎండ పెరిగిన తరువాత లేవలేక మంచము పట్టినది. “ప్రొద్దున బాగానే తిరిగిందిగా, ఇప్పుడేమొచ్చింది?” అని అత్తగారు అనును. నిజమునకు శరీరము వేడెక్కినపుడు ఈ వ్యాధి లక్షణములు తాత్కాలికముగా హెచ్చును. మన వేసవిలో ఇది మరింత స్పష్టము. ఆమె కాళ్లమంట చెప్పును, ఎవరును నమ్మరు. క్రమముగా చెప్పుటయే మానును. చెప్పుట మానినది గనుక నొప్పి తగ్గినదని ఇంటివారు తలతురు. పెద్దలు పుట్టింటికి పంపుమందురు. పంచాయతీ ముందుకు భార్యాభర్తల తగవుగా వచ్చును. ఆ తగవు మూలమున ఒక వ్యాధియున్నదని గుర్తింపని తీర్పు ఎంత అన్యాయమగునో సభ్యులే ఆలోచింపవలెను.

చికిత్స

రెండు బాధలకును చికిత్స కలదు. ఒకదానిని మాత్రమే చూచి రెండవదానిని విడిచినచో ఫలితము సగమే. అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటి కొన్ని మందులు నరముల నొప్పికిని, మనోవ్యాకులతకును గూడ పనిచేయును. ఏది, ఎంత అనునది వైద్యుడు నిర్ణయింపవలెను. ఆలోచనా ధోరణిని, దినచర్యను మార్చుకొన నేర్పు మానసిక చికిత్సయు, శక్తికి తగిన వ్యాయామమును రెంటికిని మేలుచేయును. వ్యాధి తిరుగబెట్టినపుడు ఇచ్చు స్టెరాయిడ్ మందులు కొందరి మనస్సును కలత పెట్టును. అట్లయినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను. దుకాణములో నొప్పిబిళ్లలు కొని ఏండ్ల తరబడి మ్రింగుట హానికరము. పైగా నరముల మంటకు అవి అంతగా పనిచేయవు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ఆశా కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త ఇట్టి రోగి యింటికి పోయినపుడు రెండు ప్రశ్నలును అడుగునట్లు చూడవలెను: “అమ్మా, నొప్పి ఎలా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా?” అనునది మొదటిది. “ఈ రెండు వారాలలో మనసు దిగులుగా ఉంటోందా, ఏ పనిమీదా ఆసక్తి లేకుండా ఉందా?” అనునది రెండవది. ఒకటి అడిగి ఒకటి విడువరాదు.

2. రోగి వైద్యునితో రెండు బాధలను చెప్పునట్లు ప్రోత్సహింపవలెను. నరముల వైద్యమునకు హైదరాబాదులోని నిమ్స్, విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద వైద్యశాలలలో విభాగములు కలవు. దూరప్రయాణమునకు తోడు, వాహనము సమకూర్చుట గ్రామము చేయగల సాయము.

3. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లీరోసిస్ చేరియున్నది. అర్హులకు వైకల్య ధ్రువపత్రము, గుర్తింపు కార్డు ఇప్పించుటలో సభ్యులు తోడ్పడవలెను. పెక్కు రాయితీలకు కనీసము 40 శాతము వైకల్యము నిర్ణయింపబడవలెను. “నిన్న నడిచినవాడు నేడు నడువలేడా?” అని ఎవరును ఆక్షేపింపకుండ, ఈ వ్యాధి ఒక్కొక్కనాడు ఒక్కొక్క తీరున నుండునని గ్రామసభలో చెప్పవలెను.

4. మనోవ్యాకులతకు టెలి మానస్ అను ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. 14416 సంఖ్యకు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులో మాటలాడవచ్చును. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

5. “ఇంకెందుకీ బ్రతుకు” అను మాట విన్నచో తేలికగా తీసికొనరాదు. రోగిని ఒంటరిగా విడువక, అదేదినమున వైద్య సహాయము పొందవలెను. పురుగుమందు డబ్బాలు ఇంటిలో అందుబాటున నుంచరాదు. ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెననియు, వారికి ప్రభుత్వము చికిత్సయు సంరక్షణయు కల్పింపవలెననియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున పోలీసు భయముతో దాచిపెట్టనక్కరలేదు.

6. పంచాయతీ కార్యాలయమునకు, పాఠశాలకు మెట్ల ప్రక్క వాలుదారి, పట్టుకొనుటకు కమ్మి. ఇంటికి దగ్గరగా కుళాయి, మరుగుదొడ్డి. వేసవిలో పని చల్లని వేళలకు మార్చుట — ఇవి స్వల్ప వ్యయముతో జరుగు పనులు. ఇంటికే పరిమితమైన మనిషి నలుగురిలోనికి రాగలిగిన దిగులు కొంత తగ్గును. దిగులు తగ్గిన నొప్పిని ఓర్చుకొను శక్తియు పెరుగును.

మీ గ్రామములో ఇట్టి రోగి ఒక్కరును లేకపోవచ్చును. అయినను కీళ్లవాతముతోను, పక్షవాతముతోను, నడుము నొప్పితోను ఏండ్లుగా బాధపడువారు ప్రతి గ్రామమునను కలరు. నొప్పియు దిగులును వారిలోను ఇట్లే జతగూడును. కావున వచ్చు గ్రామసభకు ముందే, దీర్ఘకాలపు నొప్పితో ఇల్లు కదలనివారు ఎందరున్నారో వార్డువారీగా లెక్క తీసికొని, ఆ పేర్లను గోప్యముగా ఆరోగ్య కార్యకర్తకు అందజేయుట మంచిది. వారి గడప త్రొక్కి, వారు చెప్పునది నమ్మి వినుటతో పని ప్రారంభింపవచ్చును.