స్క్రీన్ పచ్చబడితే పని అయిపోలేదు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా హైవే పక్కన వీల్ ఎలైన్‌మెంట్ షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ల చేతిలో మంచి విద్య ఉంది. అయితే చాలాచోట్ల అది స్క్రీన్ మీద గీత పచ్చబడేదాకానే. ఆ పచ్చరంగు కంపెనీవాళ్లు రోడ్డు బండికి ఇచ్చిన కొలత. టైరు ఎక్కువ కిలోమీటర్లు నడవాలన్నది అక్కడ ముఖ్యమైన లెక్క. రాజాంలోనో చింతలవలసలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఫార్ములా భారత్ లాంటి పోటీకి కట్టిన కారు తెచ్చి, "అన్నా, మలుపులో ముందు జారిపోతోంది" అంటే ఆ కొలత అక్కరకు రాదు.

ఈ పోటీల్లో ఎనిమిది అంకె ఆకారంలో కారు తిప్పే పరీక్ష ఒకటుంటుంది. లోపలి వలయం వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. చుట్టు 5 సెకన్లలో పూర్తిచేస్తే పక్కకు లాగే బలం కారు బరువుకి దాదాపు ఒకటిన్నర రెట్లు. దాన్ని ఎక్కువగా మోసేది బయటివైపు చక్రాలే. బాడీ ఒరిగేసరికి ఆ చక్రాల పైభాగం కూడా బయటికి వాలి, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. అందుకే పైభాగాన్ని ముందే కాస్త లోపలికి వాల్చి ఉంచుతాం. అదే నెగటివ్ కేంబర్.

పానా పట్టేముందు బాల్ జాయింట్లు, బుష్‌లు, వీల్ బేరింగులు కదిపి చూడండి. లూజు ఉన్న బండికి సెట్టింగ్ నిలవదు. గాలి సరిచెయ్యండి. డ్రైవర్ని కూర్చోబెట్టండి, లేదా అంత బరువు ఇసుక మూటలు పెట్టండి. షెడ్డు నేల వాలుగా ఉంటే కొలతలన్నీ తప్పుతాయి కాబట్టి మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల కింద మట్టం చూసుకోండి. ముందు చక్రాల కింద గ్రీజు పూసిన రెండేసి రేకులు వెయ్యండి, చక్రం బిగపట్టకుండా తన చోటికి వస్తుంది.

యంత్రం పట్టని చిన్న కారుకి కేంబర్ కొలవడానికి దారానికి వేలాడే తూకం గుండు చాలు. రిమ్ము పై అంచు, కింది అంచు మధ్య 350 మిల్లీమీటర్ల ఎడం ఉంటే, ఆ దారం నుంచి వాటి దూరాల్లో తేడా 6 మిల్లీమీటర్లు వచ్చిందంటే ఒక డిగ్రీ. ఒకటిన్నర, రెండు డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి.

కాస్టర్ అంటే పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలడం. దాన్ని పెంచితే స్టీరింగ్ తిప్పినకొద్దీ బయటి చక్రం ఇంకాస్త లోపలికి వాలుతుంది. తిన్నగా పోయేటప్పుడు మాత్రం టైరు నేలకి నిండుగా ఆనే ఉంటుంది, బ్రేకుకి కావలసింది అదే. కేంబర్‌ని మరీ లాగేకంటే ఇది మేలని నా అభిప్రాయం. స్టీరింగ్ బరువెక్కుతుంది, నడిపేవాడి చేతులు ఓర్చినంతవరకే పెంచండి.

టో, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం, ఎప్పుడూ చివర్లోనే సరిచెయ్యాలి. కేంబర్, కాస్టర్ కదిలితే టో మారిపోతుంది. కారుకి రెండు పక్కలా సమాంతరంగా దారాలు కట్టి, రిమ్ము ముందంచు, వెనకంచు కొలవండి. మొత్తం మీద ఒకటి, రెండు మిల్లీమీటర్ల టో అవుట్ ఇస్తే కారు మలుపులోకి చురుగ్గా తిరుగుతుంది. ఎక్కువైతే తిన్నటి దారిలో అటూ ఇటూ వెతుక్కుంటుంది. టై రాడ్ రెండువైపులా సమానంగా తిప్పి, లాక్ నట్ బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడే చాలాసార్లు కదులుతుంది.

ఆపైన తీర్పు టైరుదే. కారు వచ్చి ఆగగానే, చల్లారకముందే, టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు వేడి చూడండి. బయటి అంచు ఎక్కువ కాలితే కేంబర్ చాలలేదు. లోపలి అంచు బయటిదానికంటే ఐదు, పది డిగ్రీలు ఎక్కువుంటే ఫరవాలేదు, అంతకు మించితే తగ్గించండి. నడుమ ఒక్కటే కాలితే గాలి ఎక్కువైంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసిపెట్టండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, ఆ పిల్లలకూ తెలియదు.

ఇదే సెట్టింగ్ సాలూరు ఘాట్ ఎక్కే ట్యాక్సీకి పెట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. లోపలి అంచు అరిగి టైరు ముందే పోతుంది. రేసు కారు పనికి పూట పడుతుంది. రోడ్డు బండి రేటుకి కాకుండా గంటల లెక్కన, పని మొదలెట్టకముందే మాట్లాడుకోండి.