ఉపకారమునకు మూలమేది?



దప్పిగొన్నవానికి నీరిచ్చుట, దారి తప్పినవానికి దారి చూపుట, కలము మరచి వచ్చిన తోటివానికి తన కలమిచ్చుట, ఇవన్నియు ఉపకారములే. చూచువారికి పని యొక్కటే. చేయువాని మనస్సులోని ప్రేరణ మాత్రము పలువిధములుగా నుండును. వానిలో నాలుగింటిని పరిశీలింతము.

మొదటిది ప్రత్యుపకారాశ. నేడు నేనిచ్చినచో రేపతడు నాకిచ్చునను లెక్క యిది. రెండవది కీర్తికాంక్ష. నలుగురు చూచుచున్నప్పుడు చాచిన చేయి, ఎవరును లేనప్పుడు ముడుచుకొనును. మూడవది పుణ్యాపేక్ష. ఇది మొదటి రెంటికంటె మేలైనను, ఇందును చూపు తన లాభముపైననే యుండును. నాలుగవది దయ. ఎదుటివాని ఆకలి తన ఆకలిగా తోచినప్పుడు ‘నేను’ అను మాట మరుగుపడును.

దయకు నిదర్శనము మన యానామునకు చేరువనున్న కోనసీమలోనే కలదు. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. జోగన్నగారిని వివాహమాడి లంకల గన్నవరమునకు వచ్చిరి. అది గోదావరి పాయయగు వైనతేయకు సమీపమున నున్న గ్రామము. ఏటిని దాటి అలసివచ్చు బాటసారులకు ఆమె వేళగాని వేళనైనను అన్నము పెట్టిరి. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను, తాను వెళ్లినచో ఇంటికి వచ్చినవారు ఆకలితో మరలిపోవుదురని ఆమె వెళ్లలేదని పెద్దలు చెప్పుదురు. గౌరవము వాకిట నిలిచినప్పుడు గదా ప్రేరణకు పరీక్ష! ఆమె 1909లో పరమపదించిరి. పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి.

ఇక నా పొరపాటు నొకదానిని చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట ఒక బాలుడు, వట్టి కాళ్లతో వచ్చు తన మిత్రునికి రహస్యముగా ఒక చెప్పుల జత ఇచ్చెను. అది తెలిసి నేను పొంగిపోయి, ప్రార్థన సమయమున ఇద్దరి పేర్లును చెప్పి, ఇచ్చినవానిని ప్రశంసించితిని. పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. మరునాడు రెండవ బాలుడు మరల వట్టి కాళ్లతోనే బడికి వచ్చెను. ఇచ్చినవానికి లేని కీర్తికాంక్షను నేను తెచ్చిపెట్టితిని. పుచ్చుకొన్నవానికి లేని సిగ్గును కలిగించితిని. దయ కేవలము ఇచ్చుటలో లేదు. పుచ్చుకొనువాని తల వంగకుండ చూచుటలో కూడ నున్నదని ఆ పసివాని పాదములు నాకు నేర్పినవి.

‘మా మనస్సింకను అంత నిర్మలము కాలేదు, అట్లయిన ఉపకారము మానవలెనా?’ అని మీరడుగవచ్చును. మానరాదు. ఆకలిగొన్నవాడు మన మనశ్శుద్ధికై వేచియుండలేడు. పేరునకై మొదలిడిన మంచిపనియు, చేయగా చేయగా, ఎదుటివాని ముఖమును చూడ నేర్పును. దస్తూరివలె దయయు అభ్యాసముచే కుదురును.

తల్లిదండ్రులకొక మనవి. బిడ్డ తన వస్తువు నొకరికిచ్చి వచ్చినచో వెంటనే కోపింపకుడు; వీధివారి యెదుట పొగడకుడు. ఇంటిలో తల నిమిరిన చాలును.

విద్యార్థులారా! ఈ వారము మీకొక అభ్యాసము. ఎవరికిని తెలియకుండ ఒక మేలు చేయుడు. దానిని చెప్పుకొనవలెనని మనస్సు తహతహలాడును. ఆ తహతహను గమనింపుడు. మీ ఉపకారమునకు మూలమేదో అదియే మీకు చెప్పును.