కొత్త కీబోర్డులో ‘కొ’ లేదు

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా తాతయ్య చెబుతుంటే నేను టైపు చెయ్యడానికి కూర్చున్నాను. మాది కైకలూరు వైపు, కొల్లేటి అంచున ఒక ఊరు. చేపల చెరువులు తవ్వకముందు కొల్లేరు ఎలా ఉండేది, తాటిదోనెల మీద లంకల మధ్య ఎలా తిరిగేవాళ్ళు, వరదొచ్చిన ఏడు పశువుల్ని ఎక్కడికి తోలేవాళ్ళు, ఇవన్నీ ఆయన నోట్లోనే ఉన్నాయి. చూపు మందగించి రాయడం మానేసి రెండేళ్ళయింది. మన పత్రికకి నాలుగు భాగాలు ఇస్తానని నేను ముందే మాట కూడా ఇచ్చేశాను.

ఒళ్ళో కొత్త మెకానికల్ కీబోర్డు. ఆయన "కొల్లేరు అంటే..." అని మొదలుపెట్టారు. ‘క’ పడింది. ఒత్వం పడలేదు. "కల్లేరు" అని వచ్చింది. ఓత్వం పెట్టి చూస్తే "కోల్లేరు" అయింది. ఈలోపు ఆయన తమ్మిలేరు, బుడమేరు దాటేసి ఉప్పుటేరు దగ్గరికి వచ్చేశారు.

"ఏరా, ఎందాకా వచ్చింది?"

"ఇంకా కొల్లేరు దగ్గరే ఉన్నాం తాతయ్యా."

ఆయన నవ్వారు. నాకు మాత్రం సిగ్గేసింది. ఆ ఒక్క ‘కొ’ ఎందుకు పడలేదో కనుక్కోబోయి నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీలో చాలామంది దగ్గర అలాంటి కీబోర్డే ఉందని నాకు తెలుసు.

ముందు అది నా దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పాలి. తాడేపల్లిగూడెంలో మా హాస్టల్ గదిలో ముగ్గురికీ ఈ పిచ్చి ఉంది. జనవరిలో లాస్ వేగాస్‌లో సీఈఎస్ జరుగుతుంది, వేసవిలో తైపేలో కంప్యూటెక్స్. ఆ వారం రోజులూ మెస్ నుంచి రాగానే మాకు అదే సినిమా. కొన్నేళ్ళుగా అక్కడ హడావుడంతా మాగ్నెటిక్ స్విచ్‌లది. మామూలు మెకానికల్ స్విచ్‌లో రెండు లోహపు రేకులు తగిలితే సర్క్యూట్ పూర్తవుతుంది. చెర్రీ కంపెనీ 1983లో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌ది ఆ పద్ధతే. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది. రెడ్ రకంలో 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది. మాగ్నెటిక్ స్విచ్‌లో రేకులు తగలాల్సిన పని లేదు. కదిలే కాడలో చిన్న అయస్కాంతం, కింద బోర్డు మీద సెన్సర్ ఉంటాయి. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన హాల్ ఎఫెక్టే ఇది. (అవును, ఫిజిక్స్ ల్యాబ్‌లో మనం రీడింగులు సర్దేసిన ఆ ప్రయోగమే.) అయస్కాంతం ఎంత దిగిందో ప్రతి క్షణం తెలుస్తుంది కాబట్టి ఎంత లోతులో అక్షరం పడాలో ఒక్కో కీకి విడిగా పెట్టుకోవచ్చు. గేములు ఆడేవాళ్ళకి ఇది వరం. టైపు చేసేవాళ్ళకి ఎంత లాభమో తర్వాత చెబుతాను.

ఇవన్నీ చూసి చూసి, ట్యూషన్లు చెప్పిన డబ్బుతో 61 కీల బుల్లి కీబోర్డు కొన్నాను. ఎఫ్1, ఎఫ్2 వరస లేదు. బాణాలు లేవు. అంకెల ప్యాడ్ లేదు. బల్ల మీద ముద్దుగా ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. కీబోర్డుకి అక్షరాలు తెలియవు. లోపల అడ్డంగా, నిలువుగా తీగల గళ్ళు ఉంటాయి. కీ నొక్కితే ఏ గడిలో తగిలిందో చిప్ చూసుకుని, యూఎస్‌బీ ప్రమాణంలో ఆ చోటుకి ఇచ్చిన సంఖ్యని కంప్యూటర్‌కి పంపుతుంది. కె కీకి ఆ సంఖ్య 14. ఆ 14ని ఇంగ్లీషు కె అనుకోవాలా, తెలుగు ‘క’ అనుకోవాలా అన్నది ఆపరేటింగ్ సిస్టమ్ తేల్చుకుంటుంది. అంటే తైపేలో ప్రదర్శనకి పెట్టిన ప్రతి కీబోర్డూ ఆ లెక్కన తెలుగు కీబోర్డే. పైన ముద్రించిన గుర్తు మన కంటి కోసం తప్ప యంత్రానికి దాంతో పని లేదు.

తెలుగుకి ప్రామాణికంగా ఉన్న లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికీ కలిపి దీన్ని ఖాయం చేసింది. తర్వాత కొద్ది మార్పులతో 1991 నాటి ఇస్కీ ప్రమాణంలోకి వచ్చింది. విండోస్‌లో గాని, లినక్స్‌లో గాని భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు, వేరే ఏదీ కొననక్కర్లేదు. ఇందులో ఒత్వం ఎక్కడుందంటే, ఒకటి అంకెకి ఎడమపక్కన, ట్యాబ్‌కి పైన ఉండే మూల కీలో. ఆ కీ సంఖ్య 53. నాలాంటి బుల్లి కీబోర్డుల్లో ఆ మూలని ఎస్కేప్‌కి ఇచ్చేస్తారు. ఎస్కేప్ సంఖ్య 41. నేను ఎన్నిసార్లు నొక్కినా పోయేది 41 మాత్రమే. 53 పంపాలంటే ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలని నాకు ఆ రోజు తెలియదు. ఇంగ్లీషులో ఆ మూల కీ కోసం ప్రోగ్రామర్లు తప్ప ఎవరూ వెతకరు. మనకి మాత్రం కొడుకు, పొలం, గొడుగు, మొగలి అన్నీ అక్కడే ఉన్నాయి. షిఫ్టుతో కలిపి నొక్కితే వచ్చే ‘ఒ’ కూడా అక్కడే.

"మరి రోమన్‌లో కొట్టుకోవచ్చు కదా" అంటారు. మొదటి రెండు సాయంత్రాలూ నేను చేసింది అదే. ఇంగ్లీషు అక్షరాలతో మామూలుగా కొడితే మాటలు సూచించే రకం వాడాను. కె-ఏ-ఎల్-యు-వి-ఏ అని కొడితే అది కలువా, కాలువా? కొల్లేటి కథలో రెండూ పేజీకి నాలుగుసార్లు వస్తాయి. తాతయ్య ‘గూడబాతు’ అన్నారు. ఇంగ్లీషు పుస్తకాలు పెలికాన్ అనే పక్షి అది. నేను ‘గుడబాటు’ని తుడుచుకుంటూ కూర్చున్నాను. ఆయన మాటలు సూచనల జాబితాలో ఉండవు. నేను తొందరలో జాబితాలో ఉన్న మాటని ఒప్పేసుకుంటే కథలోంచి ఒక మాట పోయినట్టే.

ఏ అక్షరానికి ఏ గుర్తో కచ్చితంగా ఉండే రోమన్ పద్ధతులూ ఉన్నాయి. 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగువాళ్ళు తయారుచేసిన ఆర్‌టీఎస్ అలాంటిదే. లేఖినిలో రాసినవాళ్ళందరికీ అది పరిచయమే. ఇంటర్నెట్‌లో ఒక తరం తెలుగు రాసిందంటే దాని చలవే, నేను తక్కువ చెయ్యను. కానీ "తాడేపల్లిగూడెం" అని కొట్టి లెక్కపెట్టండి. దీర్ఘాలకి పెద్ద అక్షరాలు వాడితే ఆర్‌టీఎస్‌లో 14 కీలు, అందులో ఆరుసార్లు షిఫ్టు. ఇన్‌స్క్రిప్ట్‌లోనూ 14 కీలే, షిఫ్టు ఒక్కసారీ లేదు.

ఇన్‌స్క్రిప్ట్ పటం కాగితం మీద గీసి తాతయ్యకి చదివి వినిపించాను. ఎడమచేతి కింద పై రెండు వరసల్లో ఔత్వం, ఐత్వం, దీర్ఘం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కుడిచేతి కింద బ, హ, గ, ద, జ, డ, దాని కింది వరసలో ప, ర, క, త, చ, ట. ఆయన మధ్యలోనే ఆపి, "అంటే ఎడంచేతిలో గుణింతం, కుడిచేతిలో హల్లులు. అంతేగా?" అన్నారు. ఆయన చదివింది ఐదో తరగతి. నేను రెండు రోజులు పట్టించుకోని విషయం రెండు నిమిషాల్లో పట్టేశారు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. హల్లు, అచ్చు, హల్లు, అచ్చు అని నడుస్తాయి. కాబట్టి చేతులు కూడా కుడి, ఎడమ, కుడి, ఎడమ అని నడుస్తాయి, తెడ్లు వేసినట్టు.

అన్ని మాటలూ అలా నడవవు. మ, న, వ మూడూ కింది వరసలో ఎడమవైపే పడ్డాయి. అందుకే నేను, నువ్వు, మేము, మనం నాలుగింటినీ ఒక్క ఎడమచేత్తోనే కొట్టాలి. కుడిచెయ్యి టీ తాగుతూ ఉండొచ్చు.

నాకు నిజంగా నచ్చనిది మరొకటి ఉంది. హిందీకి, బెంగాలీకి హ్రస్వ ఎ, ఒ అక్కర్లేదు. మన దక్షిణాది భాషలకి అవి లేకపోతే అడుగు పడదు. అన్ని లిపులకీ ఒకే నమూనా గీయడంలో ఏత్వం, ఓత్వం మధ్య వరసలో దర్జాగా కూర్చున్నాయి. ఎత్వం జెడ్ కీకి, ఒత్వం ఆ మూలకి పోయాయి. చెరువు, నెల, పెళ్ళి, దోనె, చివరికి "తెలుగు" అన్న మాట కూడా ఎడమ చిటికెన వేలు వంచి జెడ్ నొక్కితేనే వస్తుంది. ఒకే నమూనా వల్ల లాభం లేకపోలేదు. ‘క’ ఎక్కడుందో తెలిసిన వేలికి కన్నడంలోనూ, ఒడియాలోనూ అది అక్కడే దొరుకుతుంది. అయినా ఆ చిటికెన వేలి సంగతి ఎవరో ఒకరు అడగాల్సింది. ఇందాక వాయిదా వేసిన మాగ్నెటిక్ స్విచ్‌కి టైపులో నాకు కనబడిన ఉపయోగం ఇక్కడే. జెడ్ ఒక్కదాన్ని తక్కువ లోతుకే పడేలా పెట్టుకుంటే చిటికెన వేలికి శ్రమ తగ్గుతుంది.

సెలవుల్లోనే ఒక రోజు ఏలూరు పవర్‌పేటలో మాకు తెలిసిన డీటీపీ బాబాయి షాపుకి వెళ్ళాను. పెళ్ళి శుభలేఖలు, అర్జీలు, కరపత్రాలు, అన్నీ అక్కడే. ఆయన ముందు పాత టీవీఎస్ గోల్డ్ ఉంది, బ్యాంకు కౌంటర్ల దగ్గర టకటకమనే ఆ కీబోర్డు. అందులో ఉన్నవి చెర్రీ బ్లూ స్విచ్‌లు. మనం వీడియోల్లో నోరెళ్ళబెట్టి చూసే సామాను ఏలూరు సందుల్లో ఏనాటి నుంచో అర్జీలు కొడుతోంది. బాబాయిది ఇన్‌స్క్రిప్ట్ కాదు, అనూ ఫాంట్లలో యాపిల్ లేఅవుట్. ‘ళ’ ఏ కీలో ఉంది బాబాయ్ అని అడిగితే వెంటనే చెప్పలేకపోయారు. గాల్లో వేళ్ళు ఆడించి, ఏ వేలు కదిలిందో చూసుకుని అప్పుడు చెప్పారు.

ఆ వేళ్ళు చూశాక తెలుగు కీక్యాప్‌ల మీద నా మోజు కొంత తగ్గింది. అయినా మీరు అడుగుతారు కాబట్టి చెబుతాను. ప్రదర్శనల్లో జపాన్ కానా, కొరియా హంగుల్, రష్యా అక్షరాలున్న సెట్లు చాలా కనబడతాయి. నేను చూసిన వీడియోల్లో తెలుగు కనబడలేదు. ఖరీదైన డబుల్ షాట్ పద్ధతిలో అక్షరాన్ని ఒక రంగు ప్లాస్టిక్‌తో, చుట్టూ మిగతాది వేరే రంగుతో పోతపోస్తారు. అక్షరం ఎప్పటికీ అరగదు గాని ప్రతి అక్షరానికీ వేరే అచ్చు చెయ్యాలి. వేల సెట్లు అమ్ముడైతే తప్ప ఆ అచ్చుల ఖర్చు రాదు. డై సబ్లిమేషన్‌కి అచ్చులు అక్కర్లేదు. పీబీటీ ప్లాస్టిక్‌ని వేడిచేసి రంగుని లోపలికి ఇంకిస్తారు. రంగు ముదురుగానే పడుతుంది, కాబట్టి తెల్ల క్యాప్ మీద నల్ల అక్షరం వస్తుంది, నల్ల క్యాప్ మీద తెల్లది రాదు. తెలుగుకి కుదిరే దారి ఇదే అనిపిస్తుంది. ముద్రించే ముందు ఒక జాగ్రత్త. ఒక వేలెడంత జాగాలో గుడికి, గుడిదీర్ఘానికి తేడా కనబడదు. నేను కాగితం ముక్కలు అంటించి పైన టేపు వేసి చూశాను. కొమ్ము, కొమ్ముదీర్ఘం ఒకేలా ఉన్నాయి. చేపల పులుసు తిన్న చేత్తో కొట్టాక టేపే ఊడిపోయింది. ముద్రిస్తే ఉత్త గుర్తు కాకుండా కి, కీ, కు, కూ అని వెయ్యాలి.

నా ‘కొ’ సమస్య చివరికి పైసా ఖర్చు లేకుండా తీరింది. చాలా కీబోర్డుల్లో ఏ చోటు నుంచి ఏ సంఖ్య పోవాలో మనమే మార్చుకోవచ్చు. వయా అనే ప్రోగ్రాం అందుకే ఉంది. తెలుగులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు కనుక క్యాప్స్‌లాక్ మనకి దండగ. దాని చోటు నుంచి 53 పోయేలా పెట్టాను. ఇప్పుడు ఒత్వం చిటికెన వేలికి పక్కనే ఉంది, పెద్ద కీబోర్డులో కన్నా సుఖంగా. ఇంకా కొననివాళ్ళు మాత్రం ఎడమ పై మూల చూసి కొనండి. ఎస్కేప్ విడిగా, దాని కింద ఆ మూల కీ విడిగా ఉంటే మంచిది.

నేర్చుకోవడానికి మధ్య వరస ఒక్కటి చాలు. ఎఫ్, జె కీల మీద చిన్న గీత తగులుతుంది. అవి గుడి, ర. చూపుడువేళ్ళు అక్కడ పెట్టి చేప, పిట్ట, కోట, తోక, పేరు, రేపు, రుచి, కుప్ప, కుక్క, కోరిక కొట్టండి. అన్నీ ఆ వరసలోనే ఉన్నాయి. చేప, పిట్ట రెండూ వచ్చాక మా కొల్లేటివాళ్ళకి ఇంకేం కావాలి? రోజుకి ఇరవై నిమిషాల చొప్పున నాకు మూడు వారాలు పట్టింది. మొదటి వారం ఏడుపొచ్చింది. ఇప్పటికీ తాతయ్య వేగానికి అందుకోలేను గాని, ఆయనే వాక్యానికీ వాక్యానికీ మధ్య చుట్ట వెలిగించుకుంటూ నాకు టైమిస్తున్నారు.

మొదటి భాగం ఇదే సంచికలో ఉంది. గూడబాతులు గూడబాతుల్లాగే ఉన్నాయో లేదో చూసి చెప్పండి. రెండో భాగం మొన్న ఆదివారం మొదలైంది. "ఒడ్డు కనపడేది కాదురా" అన్నారు తాతయ్య. ఒడ్డు పడింది.