లేఖలు నేర్పిన గుర్తింపు: గ్రే, ఎంగెల్మాన్‌ల ఉత్తరాలు - బంగారు తీగ

ఉపోద్ఘాతం

కృష్ణా డెల్టాలో వరికోత అనంతరం మాగాణుల్లో సాగయ్యే మినుమును ఆశించే బంగారు తీగను విద్యార్థులు చూడగానే గుర్తిస్తారు. అయితే కంచెలపై, రేగు చెట్లపై అల్లుకునే తీగ, మినుముపై అల్లుకునే తీగ ఒకే జాతియా అని అడిగితే పలువురు తడబడతారు. ఈ రెండింటినీ వేరుచేసే లక్షణాన్ని వర్గీకరణకు ఆధారంగా నిలిపినవారిలో ప్రముఖుడు 19వ శతాబ్దపు అమెరికన్ వైద్యుడు జార్జ్ ఎంగెల్మాన్. ఆయన వృక్షశాస్త్ర కృషికి నాలుగు దశాబ్దాల లేఖా సంబంధం అండగా నిలిచింది.

లేఖల ద్వారా సాగిన పరిశోధన

జర్మనీలో జన్మించిన ఎంగెల్మాన్ (1809-1884) 1835లో సెయింట్ లూయీస్‌లో వైద్యునిగా స్థిరపడ్డారు. ఆసా గ్రే (1810-1888) 1842లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 1840లో పరిచయమైన వీరి మధ్య ఎంగెల్మాన్ మరణం వరకు ఉత్తరాలు నడిచాయి. పశ్చిమ ప్రాంతాల మొక్కలు ఎంగెల్మాన్‌కు చేరువలో ఉండేవి. వాటిని పోల్చి చూడటానికి కావలసిన గ్రంథాలు, హెర్బేరియం గ్రే వద్ద ఉండేవి. టెక్సాస్‌లో ఫెర్డినాండ్ లిండ్‌హైమర్ సేకరించిన మొక్కల వివరాలను 1845లో ఇద్దరూ కలిసి ప్రచురించారు. సేకరణ ఒకచోట, పరిశీలన మరొకచోట జరిగినా నమూనాపై వేసిన సంఖ్య వారిని ఒకే మొక్క గురించి మాట్లాడనిచ్చింది.

కీలమే ఆధారం

ఎంగెల్మాన్ 1842లో అమెరికా బంగారు తీగ జాతులను వర్ణించి, 1859లో కీలం, కీలాగ్రాల ఆధారంగా కస్కుటా ప్రజాతిని మూడు సమూహాలుగా విభజించారు. చెట్లపై పెరిగే కస్కుటా రిఫ్లెక్సా పువ్వులో ఒకే పొట్టి కీలం ఉంటుంది. మినుమును ఆశించే కస్కుటా కాంపెస్ట్రిస్‌లో రెండు కీలాలు, గుండ్రని కీలాగ్రాలు ఉంటాయి. చేతి భూతద్దంతో ఈ తేడాను చూడవచ్చు.

విస్తరణ సేవలకు అన్వయం

నేడు రైతు పంపిన ఫోటో నిమిషంలో చేరుతుంది. కానీ అందులో పసుపు పోగులే తప్ప కీలం కనిపించదు. మినుము చేలో తీగకు గట్టుపై కంచెయే మూలమని పొరబడి, దానిని నరికించామనుకుందాం. కాంపెస్ట్రిస్ ప్రధానంగా కలుపు గింజలు కలిసిన విత్తనం ద్వారా, నేలలో మిగిలిన గింజల ద్వారా వ్యాపిస్తుంది. రైతు అదే విత్తనాన్ని తిరిగి చల్లితే మన సలహా ఖరీదు ఆయన పంటే అవుతుంది.

ముగింపు

ఫోటో త్వరగా అందే సమాచారం మాత్రమే, ఆధారం నమూనాయే. పూలతో కూడిన తీగను ఆతిథ్య మొక్కతో సహా కాగితాల మధ్య ఆరబెట్టి, గ్రామం, తేదీ, విత్తనం తెచ్చిన చోటు రాసి, తమ సందేహాన్ని కూడా జతచేసి పంపడం విద్యార్థులు అలవరచుకోవాలి. గ్రే, ఎంగెల్మాన్‌లు దూరాన్ని జయించినది ఈ పద్ధతితోనే.