పెట్టె మనది - హాలు అందరిది



హాస్టల్లో హాలు అందరిది. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, నీళ్ళ ట్యాంకు, గేటు దగ్గర వాచ్‌మన్ అందరికీ కలిపే. ట్రంకు పెట్టె మాత్రం ఎవరిది వారిదే. దాని తాళంచెవి మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది. మేమూ అలా చదువుకున్నవాళ్ళమే. పీజీలో 'కో-లొకేషన్' పాఠం విన్నప్పుడు మాకు మొదట గుర్తొచ్చింది ఆ పెట్టే.

కో-లొకేషన్ అంటే ఏమిటి?

ఒక కంపెనీ తన సొంత సర్వర్లను తన ఆఫీసులో కాకుండా, వేరొకరు కట్టిన డేటా సెంటర్లో అద్దెకు చోటు తీసుకొని పెట్టుకోవడమే కో-లొకేషన్. సర్వరు, అందులోని సాఫ్ట్‌వేరు, సమాచారం కంపెనీవి. భవనం, కరెంటు, చల్లదనం, కాపలా డేటా సెంటర్ వారివి. క్లౌడ్‌లో అయితే యంత్రం కూడా వారిదే. అదే తేడా.

ఆఫీసులోనే ఎందుకు పెట్టుకోకూడదు?

సర్వరు రాత్రింబవళ్ళు నడవాలి. ఏడాదికి 8,760 గంటలు. 99.9 శాతం నడిచినా దాదాపు 9 గంటలు ఆగినట్టే. 99.99 శాతం నడిస్తే ఆగేది సుమారు 53 నిమిషాలు. ఆ స్థాయికి కావలసిన ఏర్పాట్లు చిన్న కంపెనీ ఒక్కటే భరించలేదు. పదిమంది పంచుకుంటే భరించవచ్చు.

లోపల ఏముంటాయి?

1. ర్యాక్: సర్వర్లు బిగించే ఇనుప బీరువా. సర్వర్లు బిగించే వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును 'యు'లలో కొలుస్తారు. ఒక 'యు' 1.75 అంగుళాలు. మామూలు ర్యాక్‌లో 42 'యు'లు ఉంటాయి. సగం ర్యాక్, పూర్తి ర్యాక్ లెక్కన అద్దెకిస్తారు. ఎక్కువ చోటు కావలసినవారికి జాలీ కట్టి తాళం ఇస్తారు.

2. కరెంటు: ఒక్కో ర్యాక్‌కు రెండు వేర్వేరు దారుల్లో కరెంటు వస్తుంది. సరఫరా పోతే యూపీఎస్ అందుకుంటుంది. ఈలోగా డీజిల్ జనరేటర్లు మొదలవుతాయి.

3. చల్లదనం: ర్యాక్‌ల ముఖాలు ఎదురెదురుగా ఉండే సందులోకి చల్లగాలి వదులుతారు. వేడిగాలి వెనుకవైపు సందులోకి పోతుంది. సర్వరులోకి వెళ్ళే గాలి 18 నుండి 27 డిగ్రీల సెల్సియస్ ఉండటం మంచిదని ఇంజనీర్ల సిఫారసు.

ఒక పాఠం

2007 జులై 24న శాన్‌ఫ్రాన్సిస్కోలో కరెంటు పోయింది. అక్కడి '365 మెయిన్' అనే కో-లొకేషన్ కేంద్రంలో 10 జనరేటర్లున్నాయి. 8 నడిస్తే చాలు, 2 అదనం. ఆ రోజు 3 మొరాయించాయి. ఇంజన్లను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లలో లోపమని తరువాత తేలింది. కొన్ని హాళ్ళు దాదాపు 45 నిమిషాలు చీకటయ్యాయి. క్రెయిగ్స్‌లిస్ట్, లైవ్‌జర్నల్ వంటి పేరున్న వెబ్‌సైట్లు ఆగిపోయాయి.

దీని నుండి తెలిసేదేమిటి? అద్దె కడితే ఖర్చు పంచుకోగలం గాని బాధ్యత పంచుకోలేం. కరెంటు ఇవ్వడం వారి పని. మన సమాచారానికి మరో ఊళ్ళో నకలు ఉంచుకోవడం మన పని. సర్టిఫికెట్లన్నీ ట్రంకు పెట్టెలోనే పెట్టుకున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒక జిరాక్స్ సెట్టు ఇంటి దగ్గర కూడా ఉంచండి.

మనకేం సంబంధం?

హైదరాబాద్‌లోనూ ఇలాంటి కేంద్రాలున్నాయి. 2007లో మొదలైన కంట్రోల్‌ఎస్ ఇక్కడిదే. కంప్యూటర్ రంగం అంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళదేనని మనలో చాలామంది వెనకాడుతారు. కానీ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ రోజు మొరాయించింది వెబ్‌సైట్ల ప్రోగ్రాములు కాదు, జనరేటర్లు. వాటిని నెలనెలా పరీక్షించే ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్, ఏసీ మెకానిక్, కేబుళ్ళు వేసే టెక్నీషియన్ లేకుండా ఏ డేటా సెంటరూ నడవదు. ఐటిఐ, డిప్లొమా చదివే మీకూ ఆ గేటులోపల చోటుంది. పని మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి.